పాట ఆగినంక మిగిలే చప్పుడు

నల్లగండ్లలో మేం వెళ్లే చెవి డాక్టరు క్లినిక్‌లో ఒక చిన్న గది ఉంది. గోడలకు మెత్తలు, తలుపుకు మెత్తలు, ఒక పక్క గాజు కిటికీ. పోయిన నెల నన్ను అందులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి, అంతే. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి తలూపింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎక్కడో దూరంగా, సన్నగా, గుయ్‌మని మొదలైంది. నొక్కాను. ఆగలేదు. మళ్లీ నొక్కాను. మూడోసారి నొక్కేసరికి ఆ అమ్మాయి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"సార్, నేనింకా సౌండ్ ఇవ్వలేదండి," అంది.

భయపడాల్సిన మాటే. నాకు మాత్రం భయం వేయలేదు. ఆ మెత్తటి గదిలో ఎక్కడినుంచో సోల్డరింగు పొగ వాసన వచ్చింది. పాతికేళ్లుగా తలవని ఒక మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కళ్లు మూసుకుని, నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. జర ఊపిరి ఆపు తమ్మీ, అన్నాడు. నేను నిజంగానే ఆపాను.

ఆయనకు పేరుంది. రాయను. ఆ రోజుల్లో కొత్తగూడ చౌరస్తాలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, ఇప్పుడు నేను కొత్తగా మొదలుపెట్టడం బాగుండదు. అందరికీ ఆయన గుయ్ సాబ్. ఆంప్లిఫయర్లు చేసేవాడు. పాట లేనప్పుడు స్పీకర్లోంచి గుయ్‌మని ఒక మోత వస్తుంది చూశారూ, ఆ మోతను తీసేయడం ఆయన పని. మిగతా పెట్టె ఎవడైనా బిగిస్తాడని ఆయన అభిప్రాయం. చౌరస్తాలో ఆటోవాళ్లు ఆయన్ను చూసి "గుయ్‌య్‌య్" అని రాగం తీసేవాళ్లు. ఆయనకు కోపం వచ్చేది కాదు. నిలబడి, తల ఒక పక్కకు వంచి విని, నీది డెబ్బై కాడ ఉన్నది, వందకు పెంచు, అని దిద్ది వెళ్లిపోయేవాడు.

ఆ వంద ఏమిటో నాకు చెప్పిందీ ఆయనే. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుందట. దాన్ని ఒకే వైపుకు తిప్పితే వంద ఉబుకులు అవుతుందట. ఆంప్లిఫయరుకు కావలసింది ఉబుకులు లేని కరెంటు. "నల్లా రోజంత వస్తదా? రాదు. ఆగి ఆగి వస్తది. మరి ఇంట్ల ధార ఎందుకు ఆగదు? సంపు ఉంటది కాబట్టి. గీ కండెన్సరే సంపు," అని లోటాలాంటి ఒక పెద్ద కండెన్సరును నా అరచేతిలో పెట్టాడు. కంప్యూటర్ సైన్సు చదివి వచ్చినవాణ్ణి, నాకు అప్పటిదాకా ఎవరూ అంత శుభ్రంగా చెప్పలేదు.

నేను కడప నుంచి కొత్తగా వచ్చాను. చందానగర్‌లో కిరాయి గది. కొత్తగూడ దాటాక, బండల మధ్య గుండ్రటి పెద్ద బిల్డింగు ఒకటి అప్పుడే లేస్తోంది. కింది అంతస్తుల్లో మా కంపెనీ ఆఫీసు తెరిచింది, పైన ఇంకా వెల్డింగు జరుగుతూనే ఉంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయని లోకమంతా వణుకుతున్న కాలం. ఆ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. టెస్టరు అంటారు. పట్టుకుంటే ఎవరూ మెచ్చుకోరు, వదిలేస్తే మాత్రం అందరూ తిడతారు. నేను వచ్చిన రెండో నెలలోనే ఒకటి వదిలేసి నలుగురిలో చీవాట్లు తిన్నాను. ఇది ఎందుకు చెబుతున్నానో కొంచెం సేపట్లో తెలుస్తుంది.

చౌరస్తాలో ఆయన దుకాణం నాకు ఇప్పటికీ ఒక్క వేళలోనే కనిపిస్తుంది, శనివారం మధ్యాహ్నం రెండింటికి. పక్కన పిండి గిర్ని. మోత మీద పగబట్టిన మనిషి వెళ్లి వెళ్లి గిర్ని పక్కన దుకాణం పెట్టాడేమిటని అందరూ నవ్వేవాళ్లు. కానీ రెండింటికి గిర్ని ఆగేది. గిర్ని ఆగాక వచ్చే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదని ఆయన అనేవాడు. పొద్దున్నించి మోత విని విని ఉన్న చెవి అప్పుడు నిద్రలేస్తుందట. గాలిలో పిండి తేలుతూ ఉండేది. ఎండ వాకిట్లోంచి వాలి, ఆ పిండిలోంచి తెల్లగా లోపలికి వచ్చేది. గడప మీద నిలబడితే ఎదురుగా బండలు, బండల మీదుగా ఆ గుండ్రటి బిల్డింగు, దాని మీద కదలని క్రేన్లు. అదంతా అప్పుడు కూడా నాకు కలలాగే ఉండేది.

ఆ వేళలో ఆయన వినేవాడు. వినడానికి ఒక పద్ధతి. చెప్పులు బయట విడవాలి. చేతి గడియారం తీసి గిర్ని అరుగు మీద పెట్టాలి, టిక్కుటిక్కులు పనికిరావు. చాయ్ తెచ్చినవాడు గ్లాసు బల్ల మీద పెట్టకూడదు, మడిచిన గుడ్డ మీద పెట్టి పోవాలి. చాయ్ చల్లారాకే తాగేవాడు, వేడిగా ఉంటే జుర్రుకోవాలి కాబట్టి. తర్వాత పెట్టె ఆన్ చేసి, పాట ఏమీ పెట్టకుండా, వాల్యూము పూర్తిగా తిప్పి, స్పీకరు ముందు కూర్చుని కళ్లు మూసుకునేవాడు. పెట్టె కొనుక్కోవడానికి వచ్చినవాడు పక్కనే కూర్చుని ఏమీ లేనిదాన్ని వినాలి. పాట పెట్టండి సాబ్ అని ఎవరైనా అడిగితే ఆయన ముఖం చూడాలి.

"పాట ఎవడన్న ఇనిపిస్తడు. పాట ఆగినంక ఏం మిగుల్తదో, గదే డబ్బా," అనేవాడు.

ఆయన లెక్కలో మోతలు మూడే. గుయ్, బుర్, సర్. కరెంటు ఉబుకులవి గుయ్. ఎర్తు వైరు సరిగ్గా లేకపోతే బుర్. ఉత్త గాలిలా వచ్చేది సర్. సర్ ను క్షమించేవాడు, అది లోకంలో అంతటా ఉంటుందట. బుర్ వస్తే వైర్లన్నీ తెచ్చి ఒకే స్క్రూ కింద బిగించి, ఇంటికి ఒక్క పెద్దమనిషి చాలు, నలుగురైతే లొల్లి, అనేవాడు. గుయ్ ను మాత్రం క్షమించేవాడు కాదు. తన చేతినుంచి ఆ మోత ఉన్న పెట్టె ఒక్కటి కూడా గడప దాటలేదని, దాటే రోజు వస్తే షటర్ గుంజి దుకాణం మూసేస్తానని చౌరస్తా అంతా వినేలా చెప్పుకునేవాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టాడు. చెట్లకు కట్టిన లౌడుస్పీకర్ల కింద నిలబడే జీవితం గడిచింది. ఆ గోలంతా విన్నవాడికే ఈ పంతం పట్టిందేమో అనుకునేవాణ్ణి. ఆ గోల ఇంకేం చేసి ఉంటుందో నాకప్పుడు తట్టలేదు.

కోఠీలో ఒక పాత క్యాసెట్ డెక్కు కొన్నాను. దానికి ఆంప్లిఫయరు చేసిపెట్టమని ఆయన్ను అడిగాను. నెల తిరక్కుండానే పెట్టె సిద్ధమైంది. కింద ఇనుప అడుగు, పైన టేకు పలక, ముందు ఒక్క ఎర్ర దీపం. శనివారం రెండింటికి రమ్మన్నాడు. గిర్ని ఆగింది. గడియారం తీసి అరుగు మీద పెట్టాను. ఆయన వాల్యూము పూర్తిగా తిప్పి, కళ్లు మూసుకుని, కుడి చెవి స్పీకరుకు ఆనించి చాలాసేపు ఉన్నాడు. ఆ ముఖంలో ఏదో దొరికినట్టు కనుబొమలు దగ్గరపడ్డాయి.

"ఉన్నది," అన్నాడు. "దూరంగ ఉన్నది. నీయి పడుచు చెవులు, నువ్వు జెప్పు తమ్మీ. ఇనబడ్తుందా?"

నేను చెవి ఆనించాను. ఏమీ లేదు. స్పీకరు కాగితం మెత్తగా తగిలింది, అంతే. మళ్లీ విన్నాను. ఏమీ లేదు. తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. నాకంటే ముప్ఫై ఐదేళ్లు పెద్దవాడు, ఆ పనిలో పండినవాడు, అంత నమ్మకంగా ఉన్నదంటుంటే నిన్న మొన్న వచ్చిన నేను లేదనడమా? పెద్దవాళ్లు ఒకటి అంటే అవునండీ అని తలూపడం నాకు ఇంట్లో నేర్పిన మర్యాద. దాని మీద ఆఫీసులో తిన్న చీవాట్లు. ఉన్న తప్పును వదిలేస్తే తిడతారు కానీ, లేనిదాన్ని ఉందంటే ఎవరు తిడతారు?

"కొంచెం ఉన్నట్టుంది పెద్దాయనా," అన్నాను.

ఇంత చిన్న మాట. ఆయన ముఖం వెలిగింది. నా భుజం తట్టి, మంచి చెవులు నీయి, అని పెట్టె మూత విప్పడం మొదలుపెట్టాడు. ఛీ, ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వచ్చే శనివారానికి కండెన్సర్లు మార్చాడు, అంతకు రెండింతలవి పెట్టాడు. వినమన్నాడు. ఇక్కడితో ముగిసిపోతుందని, తగ్గింది పెద్దాయనా, అన్నాను. తగ్గింది అంటే పోలేదని అర్థం. ఆయనకు ఆ మాట చాలు. రెండు కండెన్సర్ల మధ్య ఒక చిన్న రెసిస్టరు వేశాడు, సంపు వెనక ఇంకో సంపు అన్నమాట. ఆ పైవారం ట్రాన్స్‌ఫార్మరును మూల నుంచి విప్పి, వేలితో కొంచెం కొంచెం తిప్పుతూ, ఏ దిక్కుకు పెడితే మోత తగ్గుతుందో చెప్పమన్నాడు. నేను ఒక దిక్కున ఆపి, ఇక్కడ, అన్నాను. ఏ దిక్కో నాకే తెలియదు. ఆయన అక్కడ బొగ్గు పెన్సిలుతో గీత గీసుకుని, ఆ గీత మీదే కొత్తగా రంధ్రాలు వేసి బిగించాడు. తర్వాత అదీ చాలలేదని ట్రాన్స్‌ఫార్మరును వేరే పెట్టెలోకి మార్చి, రెండు జానెల అవతల పెట్టాడు. చలికాలం వచ్చింది. నేను ఉందన్నప్పుడల్లా ఆయనకు ఉత్సాహం వచ్చేది. ఇద్దరం కలిసి వేట చేస్తున్నామని అనుకున్నాడు పాపం.

ఒక ఆదివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ గుండ్రటి బిల్డింగు దాకా నడిచాడు. తప్పు పెట్టెలో లేదు, లైన్లో ఉన్నదని ఆయనకు అనుమానం వచ్చింది. పొద్దు వాలుతోంది. బండలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. పైన ఎక్కడో, పదో అంతస్తులోనో, వెల్డింగు చేస్తున్నారు. నీలం మెరుపు వెలుగుతూ ఆరుతూ, నిప్పురవ్వలు మెల్లగా, చాలా మెల్లగా కిందికి రాలుతున్నాయి. అంత ఎత్తునుంచి చప్పుడు మా దాకా రావడం లేదు. ఆయన తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ మెరుపంతా వైర్లల్ల పడి తన డబ్బాలకు వస్తుందన్నాడు. కోపంగా కాదు, ముచ్చటగా అన్నాడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. చెప్పేద్దామనుకున్నాను కూడా. పెద్దాయనా అని పిలిచాను. ఏంది తమ్మీ అన్నాడు. ఏం లేదు, చలి పెడుతోంది పోదాం, అన్నాను.

ఆ మరుసటి వారమే నాకు విషయం తెలిసిపోయింది. ఆ పక్క బండలు పేల్చేముందు విజిల్ వేసేవాళ్లు, సన్నగా, చాలాసేపు. విజిల్ వినగానే ఆయన చేతిలో సోల్డరింగు కడ్డీ పైకెత్తి పట్టుకునేవాడు, పేలుడుకు చెయ్యి అదురుతుంది కాబట్టి. ఆ రోజు విజిల్ వినబడింది. ఆయన చెయ్యి పైకి లేవలేదు. నేను నోరు తెరిచేలోపు బండ పేలింది. కడ్డీ జారి వేలు కాలింది. ఇయ్యాల విజిల్ గొట్టలేదు దొంగలు, అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

విజిల్ వినని చెవి, మోత వింటోంది. నేను మెల్లగా దుకాణమంతా చూశాను. పై అర మీద తొమ్మిది పెట్టెలు. నా పెట్టె మొదలుపెట్టినప్పుడు రెండే ఉండేవి. ఎవరి పెట్టెలు అవి అని అడిగాను. చేయమని ఇచ్చినవాళ్లు వచ్చి వచ్చి పోతున్నారట. ఒక్కటీ సాఫు కాలేదట. ఈ ఒక్కటి సాఫయితే కిటుకు దొరికినట్టే, మిగిలిన తొమ్మిదీ అట్లాగే చేసేస్తాడట. "గిది గాకపోతే ఇగ నాతోని గాదు. షటర్ గుంజుడే," అన్నాడు. నవ్వలేదు.

చూశారా ఇరకాటం. నిజం చెబితే, అయ్యా ఆ మోత నీ పెట్టెలో లేదు, నీ చెవిలో ఉంది అని చెప్పాలి. చెవి పోయిందని తెలిస్తే ఆయన అన్న మాట ప్రకారం షటర్ వేసేస్తాడు. చెప్పకపోతే ఆ తొమ్మిది పెట్టెలూ, నాది పదోదీ, ఎప్పటికీ గడప దాటవు. లేని మోతను ఎవడు మాత్రం తీయగలడు! నేను రెండు శనివారాలు ముఖం చాటేశాను. మూడో శనివారం ఆయనే మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి సెక్యూరిటీవాళ్లతో కబురు పంపాడు. రేపు పొద్దున్నే రావాలట. మందు దొరికిందట.

ఆ మందు రెండు లారీ బ్యాటరీలు. ఆదివారం తెల్లవారాక, మంచు ఇంకా విడవకముందే, ట్రాలీ ఆటోలో బ్యాటరీలూ నా పెట్టే ఒక స్పీకరూ ఎక్కించుకుని నల్లగండ్ల వైపు వెళ్లాం. అప్పుడు అక్కడ అపార్టుమెంట్లు లేవు. బండలు, తుప్పలు, అక్కడక్కడ జొన్న చేను. కరెంటు స్తంభం కనబడని చోటు దాకా పోనియ్యమన్నాడు. ఆటోవాడు దారి ఉన్నంత దాకా వచ్చి ఆగిపోయాడు. మేమిద్దరం ఒక్కో సామానూ మోసుకుని ఒక పెద్ద పరుపుబండ మీదికి చేరాం. కింద మంచు పాలలా పరుచుకుని ఉంది. చాలా దూరాన ఆ గుండ్రటి బిల్డింగు పైభాగం మాత్రం మంచులోంచి తేలి కనబడుతోంది. ఒక పిట్ట కూడా అరవడం లేదు. ఆయన చెప్పులు విడిచాడు. ఆ బండ మీద కూడా గడియారం తీసి, పది అడుగులు నడిచి వెళ్లి పెట్టి వచ్చాడు.

బ్యాటరీ వైర్లు బిగించాడు. ఎర్ర దీపం వెలిగింది. వాల్యూము పూర్తిగా తిప్పి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. ఆ కనుబొమలు, నాకు కంఠతా వచ్చిన ఆ కనుబొమలు, దగ్గరపడ్డాయి.

కళ్లు తెరవకుండానే అడిగాడు, "ఏమన్న ఉన్నదా తమ్మీ?"

నేను స్పీకరుకు చెవి పెట్టాను. ఎప్పటిలాగే ఏమీ లేదు. ఎప్పటిలాగే నోటికి అలవాటైన మాట వచ్చింది.

"ఉంది పెద్దాయనా. చాలా తక్కువ."

ఆయన కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు, బ్యాటరీలను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"గిది బ్యాటరీ," అన్నాడు. "నిలవున్న నీళ్లు. దీంట్ల ఉబుకు ఉండదు. గుయ్యి ఏడికెళ్లి వస్తది?"

ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునేవాణ్ణి, నా తప్పు ఇంత సులువుగా దొరికిపోతుందని అనుకోలేదు. ఆయన గొంతు పెంచలేదు. మొన్న? అని అడిగాడు. లేదన్నాను. ట్రాన్స్‌ఫార్మరు తిప్పిననాడు? అప్పుడూ లేదన్నాను.

"మొదటి దినం?"

"లేదు పెద్దాయనా. ఒక్కసారి కూడా వినిపించలేదు. మీకు వినిపిస్తోంది కదా అని..."

కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుతో. ఆయన నా వైపు చూడటం లేదు. చూపుడు వేలు మెల్లగా స్పీకరు కాగితం మీద ఆనించాడు. ఏమైనా అదురుతోందేమోనని కాసేపు అలాగే ఉంచాడు. వేలు తీశాడు. తర్వాత రెండు అరచేతులూ రెండు చెవుల మీద గట్టిగా మూసి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. మంచు కొంచెం కొంచెం విడిపోతోంది, బండల తలలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

చేతులు తీసినప్పుడు ఆయన ముఖంలో నేను ఊహించినదేదీ లేదు. ఏడుపు లేదు, కోపం లేదు. లెక్క తేలిన మనిషి ముఖం.

"అంటే మొదటి దినమే సాఫుండె," అన్నాడు. పెట్టె పై పలక మీద చెయ్యి వేసి నిమిరాడు. "డబ్బా సాఫే తమ్మీ. గుయ్యి నాది."

తర్వాత ఆయన ఎన్నడూ అనని మాట అన్నాడు. పాట పెట్టమన్నాడు. నా జేబులో వాక్‌మన్ ఉంది. వైరు తగిలించాను. ఏ పాట అని అడగలేదు, నేనూ చెప్పలేదు. బండ మీద, మంచు మీద, ఎవరూ లేని ఆ చోట పాట పెద్దగా తెరుచుకుంది. ఆయన కాళ్లు చాపుకుని వెనక్కి వాలి ఆకాశం చూస్తూ విన్నాడు. చివరిదాకా విన్నాడు. పాట నడిచేటప్పుడు గుయ్యి వినబడ్తలేదు, అన్నాడు. అంత ఆశ్చర్యంగా, అంత మెల్లగా అన్నాడు. ఇంకొకటి పెట్టమన్నాడు. ఎండ వచ్చేదాకా పెడుతూనే ఉన్నాను.

ఆ వారంలోనే పై అర ఖాళీ అయింది. తొమ్మిది మందికీ కబురు పెట్టి, సాఫున్నయి తీసుకపోండి, అన్నాడట. ఎవరి పెట్టెలోనూ మోత లేదు. ఎప్పుడూ లేదు. అన్న మాట ప్రకారం షటర్ గుంజేశాడు. మూడు వారాలు ఆ షటర్ మూసే ఉంది. నేను బస్సులోంచి చూసి తల తిప్పుకునేవాణ్ణి. నాలుగో వారం తెరిచి ఉంది. లోపల ఆంప్లిఫయర్లు లేవు. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు. మోత చేసినా ఎవరూ ఏమీ అనని వస్తువులు. అర మీద ఒక రేడియో పెద్దగా పాడుతోంది. చాయ్ గ్లాసు బల్ల మీదే ఉంది. ఆయన వేడి చాయ్ జుర్రుతూ నా బస్సును చూశాడు. చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను. దిగి ఉండాల్సింది. రేపు దిగుదాం, వచ్చే శనివారం దిగుదాం అనుకుంటూనే ఏడాది గడిచింది. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. గిర్ని పోయింది, అరుగు పోయింది, ఆ దుకాణం ఎక్కడుండేదో ఇప్పుడు చూపించలేను. ఆయన ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఎనభై దాటి ఉండాలి.

పెట్టె మాత్రం ఉంది. మా ఇంట్లో, హాల్లో, టేకు పలక నల్లబడి, ఎర్ర దీపం ఇంకా వెలుగుతూ. ఆ రోజు క్లినిక్ నుంచి వచ్చి దాన్ని ఆన్ చేశాను. పాట పెట్టలేదు. చేతి గడియారం తీసి వంటింట్లో పెట్టి వచ్చాను. వాల్యూము పూర్తిగా తిప్పి స్పీకరుకు చెవి ఆనించాను. ఉంది. దూరంగా, సన్నగా, వంద దగ్గర. ఆనించిన చెవి తీశాక కూడా ఉంది.

మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, నాన్న నేల మీద కూర్చుని ఏం చేస్తున్నాడా అని నిలబడి చూస్తోంది. దగ్గరికి పిలిచి, స్పీకరు చూపించి, గుయ్‌మని వినిపిస్తోందా అని అడిగాను. చెవి పెట్టి వింది. తలెత్తి నా ముఖం చూసింది. ఒక్క క్షణం చూసింది, అంతే. ఆ క్షణం నాకు బాగా తెలుసు.

"కొంచెం ఉన్నట్టుంది నాన్నా," అంది.

నేను వేలు తీసుకెళ్లి స్పీకరు కాగితం మీద ఆనించాను. ఏమీ అదరడం లేదు.

"లేదమ్మా, పెట్టె శుభ్రంగా ఉంది," అని చెప్పి, తనను పక్కన కూర్చోబెట్టుకుని పాట పెట్టాను.